ఎదుటి పక్షం వాదన

పొద్దున్నే టీ గిన్నె పొయ్యి మీద పెడుతూ ఇల్లాలు కూతురి గది వైపు ఓ కన్నేసింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. పిడుగు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాని మడత పెడుతోంది. పెట్టిన మడతని విప్పి మళ్ళీ పెడుతోంది. రెండు వారాలుగా ఆ పిల్ల చేస్తున్నవన్నీ ఇలాంటి పనులే.

పిడుగు అనేది ముద్దుపేరు. మాటలు వచ్చిన కొత్తలో ఇంట్లో ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు, అందుకని తండ్రే పెట్టాడు. ఇప్పుడా పిడుగు లా చదివి, ఒక పెద్ద లా సంస్థలో రెండేళ్ళు శిక్షణ పూర్తి చేసి, ఈ మధ్యనే పూర్తి లాయరైంది. లిటిగేషన్ విభాగం, అంటే కోర్టు దాకా వచ్చిన తగాదాలు నడిపే పని. "మా అమ్మాయి తగాదాల లాయరండీ" అని ఇల్లాలు తను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్కులో వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆవిడ అక్కడ రిసెప్షన్‌లో కూర్చుంటుంది. దవడ వాచిపోయి వచ్చేవాళ్ళు ఎలాగూ మాట్లాడలేరు కనుక అక్కడ మాట్లాడేదంతా ఆవిడే. ఇంటికొస్తే మాత్రం లెక్క మారిపోతుంది.

ఆ రోజు క్లినిక్కు లేదు. డాక్టరు ఊళ్ళో లేడు. కొడుకు కూడా సెలవు పెట్టాడు. కోడలు ఎప్పటిలాగే పెందలాడే ఆఫీసుకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం లోగా కొడుకు వెళ్ళి లిఫ్టున్న కొత్త ఫ్లాటు ఒప్పందం మీద సంతకం చేసి రావాలి. సాయంత్రం లోగా పిడుగు తాను శిక్షణ పొందిన ఆ పెద్ద సంస్థకే ఫోన్ చేసి, ఉద్యోగంలో చేరుతున్నానని చెప్పాలి. రెండూ ఒకదానికొకటి ముడిపడిన విషయాలు. ఆ జీతం వస్తేనే ఈ ఫ్లాటు. అంతా తేలిపోయిన వ్యవహారమే, ఇంట్లో అందరూ హాయిగా ఉండాల్సిన పొద్దు. కానీ ఇల్లాలి కళ్ళు మాటిమాటికీ కూతురి గది వైపే పోతున్నాయి.

ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. కింద వీధిలో పాల వ్యాను వెనక్కి తిప్పడానికి అవస్థ పడుతుంటే, నాలుగో అంతస్తు నుంచి డ్రైవరుకి సలహాలు ఇస్తున్నాడు. డ్రైవరుకి వినపడదని ఆయనకీ తెలుసు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించాక ఆయన కిందికి దిగింది ఒక్కసారే, అదీ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుని ఆసుపత్రికి తీసుకెళితే. ఇంటికి లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు. అప్పటినుంచి ఆయన ప్రపంచమంతా ఆ కిటికీలో పట్టేంతే.

"రివర్స్ తీసుకునేముందు ఒకసారి దిగి చూసుకోవాలోయ్," అన్నాడు కిటికీతో.

"మీరు దిగి చెప్పండి," అని నోటిదాకా వచ్చిన మాటని ఇల్లాలు మింగేసి టీ అందించింది. హాస్యానికి అనబోయిన మాటే, కానీ ఈ మధ్య దిగడం అన్న మాట ఎవరూ ఆయన ముందు వాడటం లేదు.

ఆయన కార్మిక శాఖలో రాజీ అధికారిగా చేసి రిటైరయ్యాడు. యాజమాన్యాలకీ యూనియన్లకీ మధ్య కూర్చుని, ఫ్యాక్టరీ గేట్లు మూతపడకుండా చూడటం ఆయన ఉద్యోగం. అందులో ఆయనకి పెద్ద పేరు. ఆయన పద్ధతి కూడా పేరున్నదే. మేనేజరు చేత కూలీల వాదన చెప్పించేవాడు, కూలీల నాయకుడి చేత మేనేజరు వాదన చెప్పించేవాడు. ఎదుటివాడి బాధని తన నోటితో చెప్పాక మనిషి మెత్తబడతాడని ఆయన నమ్మకం. మెత్తబడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు.

అదే పద్ధతిని ఆయన ఇంటికీ తెచ్చాడు. పిల్లలు చిన్నప్పుడు, సెలవుల్లో సముద్రానికి వెళ్ళాలా కొండకి వెళ్ళాలా అన్న గొడవతో మొదలైంది. సముద్రం కావాలన్నది కొండ తరఫున వాదించాలి, కొండ కావాలన్నవాడు సముద్రం తరఫున వాదించాలి. భోజనాల బల్ల చుట్టూ అందరూ కూర్చోవాలి. ఎవరి వాదన బలంగా ఉంటే అదే నిర్ణయం. చూడటానికి ముచ్చటగా ఉండేది. వచ్చినవాళ్ళు చూసి, ఎంత చక్కగా పెంచుతున్నారండీ పిల్లల్ని అని మెచ్చుకుని వెళ్ళేవారు. సముద్రం మీద ప్రాణం పెట్టుకున్న పిడుగు కొండ గురించి అంత గొప్పగా వాదించి గెలిచి, ఆ వేసవంతా కొండ మీద మూతి ముడుచుకుని కూర్చున్న సంగతి మాత్రం వచ్చినవాళ్ళకి తెలియదు.

అలా వాదించీ వాదించీ పిల్లకి లా చదువు నల్లేరు మీద బండి నడకలా సాగింది. ఇంట్లోనూ అదే నడిచింది. రెండు వారాల కిందట ఆదివారం మళ్ళీ బల్ల చుట్టూ కూర్చున్నారు. పిడుగుకి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి తను శిక్షణ పొందిన సంస్థ, ఇరవై అంతస్తుల అద్దాల మేడ. రెండోది చెప్పుల కొట్టు పైన ఉన్న చిన్న ఆఫీసు. ఒక పెద్దావిడ, ఆవిడ చుట్టూ పదిమంది లాయర్లు, అంతే.

"నీ మనసు ఆ చెప్పుల కొట్టు మీద ఉంది కదా," అన్నాడు తండ్రి. "అయితే నువ్వు అద్దాల మేడ తరఫున చెప్పు. నేను చెప్పుల కొట్టు తరఫున చెబుతాను."

పిడుగు గొంతు సవరించుకుంది. "ముందు జీతం చూడండి. కొత్త లాయరుకి మేడలో ఇచ్చేది చిన్న ఆఫీసులో ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. పెద్ద సంస్థలన్నీ పోటీ పడి ఏటా పెంచుతున్నాయి. రాత్రి ఆలస్యమైతే కారిచ్చి ఇంటికి పంపుతారు."

"జీతం సరే, పని నేర్చుకునేదెప్పుడు? మొదటి మూడేళ్ళు నీ చేత చేయించేది కాగితాల వడపోతే కదా. లక్షల ఈమెయిళ్ళు తిరగేసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదని గుర్తు పెట్టడం. కోర్టులో నోరు తెరిచేది బయట నుంచి తెచ్చుకున్న సీనియర్లు. అదే చిన్న ఆఫీసులో అయితే మూడు నెలలు తిరక్కుండా ఓ కేసు చేతిలో పెట్టి జడ్జి ముందు నిలబెడతారు. ప్రతి శుక్రవారం సాధన. సీనియర్లే జడ్జీలై కూర్చుని ప్రశ్నలతో చెండాడతారు."

"మేడలో శిక్షణ లేదని ఎవరన్నారు? శిక్షణ కోసమే ఒక విభాగం ఉంది. తరగతులు, పేరున్న నిపుణుల ఉపన్యాసాలు, కావాలంటే పై చదువుకి ఖర్చు. చిన్న ఆఫీసులో శిక్షణంటే ఆ పెద్దావిడే. ఆవిడకి ఒంట్లో బాగోకపోతే శిక్షణకి సెలవు."

కొడుకు నవ్వాడు. ఇల్లాలూ నవ్వింది. తండ్రి మెచ్చుకోలుగా తలాడించాడు. అప్పుడు పిడుగు, వాదన నేర్చిన పిల్ల కదా, ఆఖరి దెబ్బ కొట్టింది.

"ఆ జీతంతో లిఫ్టున్న ఇంటికి మారొచ్చు. నాన్న కిందికి దిగొచ్చు."

దానికి జవాబు చెప్పాల్సింది తండ్రి. ఆయన బల్ల మీది గ్లాసుని పక్కకి జరిపాడు. "దీనికి నా దగ్గర సమాధానం లేదు," అన్నాడు. అలా అద్దాల మేడ గెలిచింది. మర్నాడే కొడుకు ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశాడు. గెలిచిన పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం చూసింది ఇల్లాలు ఒక్కతే.

ఇప్పుడా పిల్ల టీ తాగడానికి వంటింట్లోకి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏమే, నిజం చెప్పు," అంది ఇల్లాలు గొంతు తగ్గించి. "నీకా మేడలో చేరడం ఇష్టమేనా?"

"ఇష్టమంటే... జీతం వైపు నుంచి చూస్తే—"

"జీతం సంగతి నేనడగలేదు."

"అన్నయ్య వైపు నుంచి చూసినా, అడ్వాన్సు ఇచ్చేశాడు కదమ్మా. నాన్న వైపు నుంచి చూస్తే అసలు ఆలోచించాల్సిందే లేదు."

"నీ వైపు నుంచి?"

పిడుగు గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ నిలబడింది. "నా వైపు వాదన ఆ రోజు నాన్న చెప్పేశారుగా," అంది. "ఓడిపోయింది."

ఇల్లాలికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. పిల్లని దగ్గరికి తీసుకుందామంటే ఇంతలో ముందు గదిలోంచి కొడుకు గొంతు.

"అమ్మా, ఫ్లాటు ఫోటోలు మళ్ళీ పంపాడు చూడు. లిఫ్టు చూశావా, చక్రాల కుర్చీ పట్టేంత పెద్దది. నాన్నా, మీకు బాల్కనీ వైపు గది."

"మంచిదిరా," అన్నాడు తండ్రి. కొడుకు ఫోనుని చేతిలోకి తీసుకుని ఆ లిఫ్టు బొమ్మని చాలాసేపు చూశాడు. చూసి, తనకేమంత పట్టింపు లేనట్టు తిరిగి ఇచ్చేశాడు.

అదే సమయానికి పిడుగు ఫోన్ మోగింది. పిల్ల ఉలిక్కిపడి వంటింటి వెనక ఉన్న చిన్న వసారాలోకి వెళ్ళింది. బట్టలారేసే ఆ వసారాలో మాట్లాడితే వంటింట్లో అక్షరం పొల్లుపోకుండా వినపడుతుందని ఇరవై ఐదేళ్ళుగా అందరికీ తెలుసు, అయినా రహస్యాలు మాట్లాడటానికి అందరూ అక్కడికే వెళతారు.

ఫోన్లో ఉన్నది చెప్పుల కొట్టు పైన ఆఫీసు పెద్దావిడ. ఆవిడ గొంతు గట్టిది, ఆవిడ మాటలూ వినపడ్డాయి.

"నువ్వు రావేమోనని మా వాళ్ళంటున్నారు. నాకు అవును కాదు ఏదో ఒకటి చెబితే చాలమ్మా. ఓ కేసు నీ కోసం పక్కన పెట్టాను. లాండ్రీలో పనిచేసే ఆవిడ, చేతులు కాలాయి, యజమాని తప్పు నాది కాదంటున్నాడు. చిన్న కేసే. కానీ ఆ మనిషికి అదే పెద్దది. నువ్వు వాదిస్తావా, ఇంకొకరికి ఇవ్వనా?"

"మేడమ్... మీ వైపు నుంచి చూస్తే మీకు తొందరగా తెలియాలి, నాకర్థమైంది. ఇంకొకరికి ఇవ్వడమే న్యాయం," అంది పిడుగు.

"నేను న్యాయం అడగలేదమ్మా. నీకు కావాలా అని అడిగాను."

పిడుగు ఏం చెప్పిందో వినపడలేదు. కాసేపటికి స్నానాలగది తలుపు మూసుకుంది. లోపల కుళాయి పూర్తిగా తిప్పిన చప్పుడు. కుళాయి చప్పుడు చాటున ఏడవడం ఆ ఇంట్లో ఇల్లాలు కనిపెట్టిన ఉపాయమే. తన ఉపాయం తన కూతురు వాడుతుంటే గుమ్మం ఇవతల నిలబడి వినడం ఎంత నరకమో ఆవిడకి ఆ పొద్దు తెలిసింది.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది. కొడుకు చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఒరేయ్ పెద్దోడా, సంతకానికి వెళ్ళొద్దు," అంది.

కొడుకు ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అదేమిటమ్మా? వాళ్ళు ఎదురుచూస్తుంటారు."

"చూడనీ."

"బల్ల దగ్గర తేలిన విషయం కదోయ్," అన్నాడు ఆయన కుర్చీలోంచి. గొంతులో కోపం లేదు, ఆఫీసు నెమ్మది ఉంది. "నీకు అనుమానాలుంటే మళ్ళీ కూర్చుందాం. తప్పేముంది. నీకు ఇప్పుడు ఆ మేడ వద్దనిపిస్తోంది, అవునా? అయితే నువ్వు మేడ తరఫున మాట్లాడు. నేను—"

"నేను మాట్లాడను."

"అంటే?"

"మేడ తరఫున మాట్లాడను. ఎవరి తరఫునా మాట్లాడను. ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పటినుంచి మీ తరఫున మాట్లాడాను, పిల్లల తరఫున మాట్లాడాను, ఆఖరికి కుట్టుమిషను కొనద్దని కూడా నేనే మాట్లాడాను. అది కావాలని అడిగింది నేనే కదా, పద్ధతి ప్రకారం వద్దని నేనే చెప్పాలి. ఎంత బాగా చెప్పానంటే మీరు చప్పట్లు కొట్టారు. ఇక నా వల్ల కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. "ఈ పద్ధతితో నేను మూతపడ్డ మిల్లులు తెరిపించాను."

"తెరిపించారు. కాదనడం లేదు. ఒక్కటి అడుగుతాను, చెప్పండి. మీ ఆఫీసులో కూడా ఇంతేనా? ఆ కూలీలు తమ గోడు తాము ఎప్పుడూ చెప్పుకునేవాళ్ళు కాదా? వచ్చీ రాగానే మేనేజరు పక్షం వాదించేవాళ్ళా?"

"ఎందుకు వాదిస్తారు? ముందు వాళ్ళ గోడు వాళ్ళు..." అని ఆయన ఆగిపోయాడు.

స్నానాలగది తలుపు తెరుచుకుంది. పిడుగు మొహం కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ముందు?" అంది ఇల్లాలు.

"ముందు వాళ్ళ మాట వాళ్ళు చెప్పేవాళ్ళు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "పూర్తిగా. ఒక్కోసారి రోజంతా పట్టేది. తిట్టేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. అదంతా విన్నాకే రెండో వంతు, ఎదుటి పక్షం."

"మరి మా మొదటి వంతు ఏమైందండీ?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు, మళ్ళీ ఇటు తిరిగాడు.

"పిల్లలు చిన్నవాళ్ళు," అన్నాడు. "నాకది కావాలి, నాకిది కావాలి అని ఒకటే ఏడుపు. పగలంతా ఆఫీసులో ఎవరెవరి ఏడుపులో విని వచ్చేవాణ్ణి. ఇంటికొచ్చాక మళ్ళీ వినే ఓపిక ఉండేది కాదు. అందుకని ఆ వంతు తీసేశాను. ఎదుటి పక్షం వాదించమంటే ఏడవకుండా ఆలోచించేవాళ్ళు. ఇల్లు ప్రశాంతంగా ఉండేది. అదే మంచిదనుకున్నాను."

"ప్రశాంతంగానే ఉందండీ," అంది ఇల్లాలు. "కుళాయిలే ఎక్కువ పారాయి."

కొడుకు చేతిలోని చెప్పు కింద పెట్టి గోడవారగా కూలబడ్డాడు. "పోయినేడు మేం వేరే వెళ్ళే విషయం కూడా ఇంతే నాన్నా," అన్నాడు తల ఎత్తకుండా. "మా ఆవిడ ఆఫీసు ఊరి ఆ చివర. రోజూ రెండు బస్సులు మారాలి. వెళదామనుకున్నాం. కలిసే ఉండాలని నా చేత వాదించారు. నేను గెలిచాను. ఆ రోజు నుంచి తను నాతో ఆ బస్సుల గురించి మాట్లాడటం మానేసింది. ఇప్పుడు అందరం పట్టే ఇంటికి నేనే సంతకం పెట్టబోతున్నాను."

ఆయన కొడుకు వైపు చూసి తల ఆడించాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"పిడుగూ, ఇలా రా. కూర్చో. మొదటి వంతు నీది. నీ మాట చెప్పు."

పిడుగు వచ్చి కూర్చుంది. నోరు తెరిచింది. "ఒక పక్క నుంచి చూస్తే, నాన్నా, మీ మోకాళ్ళు—"

"నా మోకాళ్ళ సంగతి నేను చెప్పుకుంటాను. నీది."

"నాకు..." అని పిల్ల ఆగిపోయింది. ఆ మాట దగ్గర అలవాటు లేని మెట్టు ఎక్కుతున్నట్టు తడబడింది. ఇల్లాలు వెళ్ళి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు ఆ మేడలో ఊపిరాడదు నాన్నా," అంది చివరికి. "ఒకసారి కోర్టులో మా సీనియర్ వెనక కూర్చున్నాను. ఒక తేదీ గురించి జడ్జిగారు ఏదో అడిగారు. మా వాళ్ళెవరికీ తెలియదు. ఆ ఫైలంతా నెలల తరబడి చదివింది నేను. జవాబు నా నోట్లో ఉంది. జడ్జిగారు నా వైపే చూశారు. మా సీనియర్ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు, నేను తల దించుకున్నాను. వాయిదా పడింది. బయటికొచ్చాక మంచి పని చేశావని మెచ్చుకున్నారు, మాట్లాడనందుకు. నేనింకా మూడేళ్ళు అలాగే మెప్పులు పొందాలి. ఆ తర్వాత నాకు మాట్లాడటం చేతనవుతుందో లేదో నాకే తెలియదు. పోనీ చిన్న ఆఫీసులో అయినా చేతనవుతుందా, అదీ తెలియదు. భయమే. కానీ నాకు ఆ లాండ్రీ ఆవిడ కేసు కావాలి. కావాలి నాన్నా."

చెప్పేసి ఏడ్చేసింది. కుళాయి లేకుండా, అందరి ముందూ, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. ఎవరూ ఆపమనలేదు.

"ఇక నాది," అన్నాడు ఆయన. "వినండి. నాకు కిందికి దిగాలనుంది. ఆ రోజు నువ్వు లిఫ్టు అన్నప్పుడు నేను జవాబు లేదన్నాను. ఉంది. నా మోకాళ్ళ కోసం నీ బతుకు పాడు చేసుకోకు అనాలి. ఆ రోజు నేను చెప్పుల కొట్టు తరఫు కదా, అది నేనే చెప్పాల్సిన వాదన. కావాలనే చెప్పలేదు. నా నోటితో అడగకుండా నాకు కావాల్సింది వచ్చేస్తోంది కదా అని ఊరుకున్నాను. ఈ కుర్చీలో నాకు పిచ్చెక్కుతోంది. పాల వ్యానుతో మాట్లాడుతున్నాను. ఆ కాలిబాట మీద ఒక్కసారి నడవాలని ఎంత ఉందో నీకెలా చెప్పను."

ఇల్లాలు ఆయన కళ్ళలో నీళ్ళు చూసి చాలా ఏళ్ళయింది. పిడుగు లేచి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు కొడుకు. "ఇద్దరిదీ నిజమే. ఒకరిది జరిగితే ఒకరిది జరగదు."

నిజంగానే దారి మూసుకుపోయినట్టుంది. ఇన్నాళ్ళూ తెలియకుండా చిక్కుకుని ఉన్నారు, ఇప్పుడు తెలిసి చిక్కుకున్నారు. ఇల్లాలికి భయమేసింది. అనవసరంగా కదిపానా అనుకుంది.

అప్పుడు ఆయన తల ఎత్తి భార్య వైపు చూశాడు. ఎన్నో తగాదాల్లో ఎన్నో మొహాలు చదివిన మనిషి, ఆ మొహం చదవడం ఇప్పుడే మొదలుపెట్టినట్టు చూశాడు.

"ఇంకా ఒకరి వంతు అవలేదు," అన్నాడు. "నువ్వు చెప్పు."

"నాకేముందండీ," అంది ఇల్లాలు వెంటనే. "పిల్ల వైపు నుంచి చూస్తే—"

"పిల్ల చెప్పుకుంది. నేను చెప్పుకున్నాను. వాడూ చెప్పుకున్నాడు. నీది."

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. క్లినిక్కులో పొద్దంతా గలగలా మాట్లాడే ఆవిడ కొంగు అంచుని వేలికి చుట్టుకుంది. ఇరవై ఐదేళ్ళుగా లోపల ఉన్న మాటే. కానీ అది ఒక తల్లి అనాల్సిన మాట కాదేమోనని ఆవిడకి సిగ్గు.

"మా డాక్టరుగారి క్లినిక్కు వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయి," అంది నేల చూస్తూ. "కింద. మెట్లు లేవు. చిన్నవి. ఎండ సరిగ్గా రాదు. నాకైతే తక్కువ అద్దెకే ఇస్తానన్నాడు. ఆరు నెలలుగా చెబుదామనుకుంటున్నాను."

"మరి చెప్పలేదేం?" అన్నాడు కొడుకు. "నాన్న దిగడానికి ఎక్కడానికి అంతకంటే ఏం కావాలి? కానీ అమ్మా, రెండు గదుల్లో మనందరం ఎలా పడతాం?"

"పట్టరు."

"మరి?"

"అందుకే చెప్పలేదు," అంది ఇల్లాలు. "ఇద్దరమే పడతాం. నాకు మీ నాన్నతో ఉండాలని ఉందిరా. మేమిద్దరమే. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆఫీసు, తర్వాత మీరు, తర్వాత మీ బల్ల. ఈ మనిషితో నేను తీరిగ్గా ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మీరంటే ఇష్టం లేక కాదు. నాకు అలిసిపోయినట్టుంది. చిన్న ఇల్లు కావాలి నాకు. రెండు గ్లాసులు కడుక్కుంటే అయిపోవాలి."

అని, ఎవరైనా తిడతారేమోనన్నట్టు తల ఎత్తి చూసింది. కొడుకు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పిడుగు ఏడుపు మధ్యలోనే నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మిల్లుల వాళ్ళ మాటలన్నీ విన్నాను," అన్నాడు. "నీది వినలేదు. క్షమించు."

"ఎండ రాదండీ అక్కడ. ముందే చెబుతున్నాను."

"గుమ్మంలో కూర్చుందాం. పద, చూసొద్దాం."

"తాళాలు నా దగ్గరే ఉన్నాయి గానీ, మీరెలా వస్తారు?"

"కూర్చుని దిగుతాను. ఒక్కో మెట్టూ. నన్నెవరూ మొయ్యక్కర్లేదు. నాకే దిగాలని ఉందని చెప్పానుగా."

కొడుకు ఫ్లాటు వాళ్ళకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాడు. అడ్వాన్సులో కొంత తిరిగి రాదన్నారు. "పోతే పోనీ," అని, వెంటనే భార్యకి ఫోన్ కలిపి "నీ ఆఫీసు దగ్గర, పిడుగుకీ ఓ గది ఉండేలా, ఇళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కో" అన్నాడు. అవతల ఏమందో గానీ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా వింటూ నిలబడ్డాడు.

ఆయన దిగడం మొదలుపెట్టాడు. ముందు కొడుకు, పక్కన పిడుగు, వెనక ఇల్లాలు. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయనకి చెమటలు పట్టేశాయి. గోడకి జారగిలపడి ఊపిరి తీసుకున్నాడు. పిడుగు ఆ మలుపులోనే నిలబడి ఫోన్ తీసింది. అద్దాల మేడ నంబరు నొక్కింది. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"మేం ఇచ్చిన ఉద్యోగం విషయమేనా?" అంది అవతల ఒక మర్యాద గొంతు. "ఎప్పుడు చేరతారు?"

"చేరడం లేదండీ."

"అయ్యో. జీతం విషయంలో ఏదైనా ఇబ్బందా? మరెవరైనా ఎక్కువ ఇస్తామన్నారా? మా శిక్షణ విభాగం గురించి మీకు తెలుసు కదా. కారణం చెబితే మేం రాసుకుంటాం."

పిడుగు తండ్రి వైపు చూసింది. మెట్టు మీద కూర్చున్న ఆ మనిషి ఏమీ సైగ చేయలేదు. తల్లి వైపు చూసింది. ఇల్లాలు రెండు చేతులతో కొంగు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. మేడ తరఫున చెప్పడానికి ఆ పిల్ల దగ్గర గంటసేపు సరిపడా మంచి మాటలున్నాయి. పెద్దావిడ తరఫున ఇంకో గంట సరిపడా ఉన్నాయి.

"నాకు వేరే చోట పని చేయాలని ఉందండీ," అంది పిడుగు. ఇంకేమీ చెప్పలేదు.

ఫోన్ పెట్టేసింది. తర్వాత ఆయన భార్యకేసి చెయ్యి చాపాడు. ఇల్లాలు వచ్చి, ఆ చెయ్యి పట్టుకుని, పక్కనే ఇరుక్కుని అదే మెట్టు మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి కింది మెట్టు మీదికి జరిగారు.